తన కథ తనే దిద్దుకుంది

"ఇలాంటివి ఎందుకు చదువుతావ్?" అంది పక్క సీటు కొలీగ్, నా టేబుల్ మీదున్న, కేరళ సెక్స్ వర్కర్ నళినీ జమీలా ఆత్మకథ చూసి. జవాబుగా అప్పుడే చదివిన సంగతి చెప్పాను.

త్రిస్సూర్ జిల్లా అమ్మాయి. మూడో తరగతితో చదువు ఆగింది, మట్టి పనికి పోయింది. చిన్న వయసులోనే భర్త పోయాడు. పిల్లల్ని తను సాకాలంటే రోజుకు 5 రూపాయలు ఇమ్మంది అత్త. కూలి అంత వచ్చేది కాదు. అలా సెక్స్ వర్క్‌లోకి వచ్చింది.

కొలీగ్ కాసేపాగి, "పుస్తకం ఆమే రాసిందా?" అంది.

నన్ను పట్టుకున్నది కూడా అదే. 2005లో మలయాళంలో వచ్చిన మొదటి పుస్తకం ఆమె చెబితే వేరొకరి సాయంతో రాసింది. బాగా అమ్ముడైంది. అయినా ఆమెకు తృప్తి లేదు. మార్చి, మళ్లీ వేయించింది. జీవితమంతా ఇతరులే తన గురించి మాట్లాడిన మనిషి, అంత పేరొచ్చాక కూడా తన మాట తనకు కావాలని పట్టుబట్టడం చూస్తే ఒళ్లు జలదరించింది.

ఎక్కడా జాలి అడగదు. తన పనిని పని అంటుంది, హక్కులు అడుగుతుంది. కేరళలో పెద్ద గొడవే జరిగింది. కొందరు స్త్రీవాదులూ ఒప్పుకోలేదు. ఆమె మాత్రం రాయడం ఆపలేదు, 2018లో ఇంకో పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చింది. తర్వాత అదే చదవాలి.