మిల్లీగ్రాములు, మైక్రోగ్రాములు

ఆయాసం తగ్గించిన మాత్రే ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. జలుబుతో మొదలైన ఉబ్బసం ముదిరి, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేని స్థితిలో ఆసుపత్రిలో చేరాను. ఆక్సిజన్ పెట్టారు, మందును తుంపరగా మార్చే నెబ్యులైజర్‌తో సాల్బుటమాల్ ఇచ్చారు, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మింగించారు. సాల్బుటమాల్ నిమిషాల్లో పనిచేస్తుంది. శ్వాసనాళాల చుట్టూ బిగుసుకున్న కండరాలను సడలిస్తుంది. నాళాల లోపలి వాపు మాత్రం దానికి లొంగదు. ఆ పని స్టెరాయిడ్‌ది, దానికి కొన్ని గంటలు కావాలి. ఆ కొన్ని గంటలూ గోడ గడియారం వైపు చూస్తూ కూర్చోవడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు. తర్వాత పిల్లికూతలు సన్నబడ్డాయి, దిండుకు ఆనుకుని కళ్లు మూసుకోగలిగాను. నిద్ర మాత్రం రాలేదు.

ఇలాంటి దాడికి పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకు 40 నుంచి 50 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌ను 5 నుంచి 7 రోజులు ఇస్తారు. ఆ రోజుల్లో నా ఊపిరి కుదుటపడింది, నా స్వభావం మాత్రం చెడింది. తిన్న గంటకే ఆకలి. చిన్న మాటకే కోపం, ఆ వెంటనే ఏడుపు. మాత్రను ఉదయం తిన్న తర్వాత వేసుకోమన్నాక నిద్ర కొంత నయమైంది. రక్తంలో చక్కెర కూడా పరీక్షించారు, ఎందుకంటే మింగిన మందు ఊపిరితిత్తులకే పరిమితం కాదు, రక్తంతో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. కోర్సు చిన్నదైతే మోతాదు మెల్లమెల్లగా తగ్గించాల్సిన పని సాధారణంగా ఉండదు. మూడు వారాలు దాటితే మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు బయటి మందుకు అలవాటుపడి తమ సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ తయారీని తగ్గించుకుంటాయి, తిరిగి పుంజుకోవడానికి వాటికి వ్యవధి కావాలి.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పిన విషయం వేరే ఉంది. చిన్న కోర్సులు కూడా మళ్లీ మళ్లీ పడితే లెక్కలో చేరుతూనే ఉంటాయట: ఎముకలు బలహీనపడటం, కంట్లో శుక్లాలు, మధుమేహం. అందుకే రోజూ రెండు పూటలా పీల్చడానికి బ్యుడెసొనైడ్ అనే మరో స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రాశారు, ఒక్కో పూటకు 200 మైక్రోగ్రాములు.

లెక్క వేశాను. 40 మిల్లీగ్రాములంటే 40,000 మైక్రోగ్రాములు. ఇన్‌హేలర్‌లో రోజు మొత్తానికి 400. రెండూ వేర్వేరు మందులు, వాటి శక్తీ వేరు కాబట్టి బరువును బట్టి పోల్చడం పూర్తిగా సరికాదని తెలుసు. అయినా ఆ అంకెలు నా భయాన్ని చాలావరకు పోగొట్టాయి. పైగా గొంతులో పడి కడుపులోకి జారిన బ్యుడెసొనైడ్‌లో దాదాపు తొంభై శాతాన్ని కాలేయం అక్కడికక్కడే విరిచేస్తుంది.

ఇంత తక్కువ మందుకు మా బంధువుల్లో లేచినంత కలకలం మాత్రలకు లేవలేదు! మాత్రలు మింగుతున్నప్పుడు ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఇన్‌హేలర్ బయటికి తీయగానే, "అలవాటైపోతుంది, మానుకో" అని ఇంటికొచ్చిన ప్రతివారూ సలహా ఇచ్చారు. అలవాటయ్యేంత ఆకర్షణ అందులో ఏముందో నాకు అర్థం కాలేదు. పీలిస్తే ఏమీ తెలియదు. మాత్ర చూపించిన తేడాను చూసిన మనిషికి ఇది తోటలో నీళ్లు పోసి మొలక కోసం ఎదురుచూడటంలా ఉంటుంది. కొన్ని వారాలకు గానీ రాత్రి దగ్గు తగ్గి మెలకువలు ఆగలేదు. ఊపిరి ఎంత వేగంగా వదలగలమో కొలిచే పీక్ ఫ్లో మీటరులో అంకె పెరగడం అంతకన్నా ముందే కనిపించింది, ధైర్యం నిలిపింది అదే.

నాకొచ్చిన ఇబ్బంది గొంతు బొంగురుపోవడం. నర్సు ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ గొట్టం ఇచ్చి మళ్లీ నేర్పింది: బాగా ఊపడం, ఊపిరి పూర్తిగా వదలడం, పెదవులు బిగించి ఒక్కసారి నొక్కడం, నెమ్మదిగా లోతుగా పీల్చడం, పది సెకన్లు బిగబట్టడం. ఆ తర్వాత నీళ్లు పుక్కిలించి ఉమ్మేయడం. లేకపోతే నోట్లో తెల్లటి పూత వచ్చే అవకాశం ఉంది. ఇదంతా గ్యాసుతో పనిచేసే ఇన్‌హేలర్‌కు. పొడి మందు పరికరమైతే గట్టిగా, వేగంగా పీల్చాలి.

మూడు నెలలు నిలకడగా గడిచాక డాక్టరు మోతాదు తగ్గించారు, ఆపలేదు. పీక్ ఫ్లో ఎంతకు పడితే ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టి ఫోను చేయాలో, ఎప్పుడు నేరుగా ఆసుపత్రికి రావాలో కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం మాత్రల డబ్బాకే అంటించాను. ఇప్పటివరకు డబ్బా తెరవాల్సి రాలేదు. గడువు తేదీ మాత్రం అప్పుడప్పుడు చూసుకుంటున్నాను.