అమ్మ కుడి కన్ను, ఎడమ కన్ను

రెండేండ్లుగా మా అమ్మది ఒకటే మాట. "నూలు తెల్లగ వస్తలేదురా. వాడు పాత సరుకు అంటగడుతున్నడు."

మాది నల్గొండ జిల్లా గట్టుప్పల. చిటికి పని, అంటే నూలుకు అక్కడక్కడ ముడులు బిగించి, రంగులో ముంచి, చీర నేసే పని. అమ్మ పెండ్లి కాకముందు నుంచే ఆసు పోసింది, అంటే మేకుల మీద నూలు పోగులు చుట్టింది, పోగులకు సైకిల్ ట్యూబు పట్టీలు చుట్టింది. ఇప్పటికీ ఆమె వేళ్లకు ఆ ముడి చూడకుండానే పడుతుంది. ఈ పనిలో తెలుపును ఎవరూ అద్దరు. పట్టీ బిగించిన చోట రంగు ఎక్కక మిగిలిపోయేదే తెలుపు. అది మాసినట్టుంటే కొత్త చీర కూడా కట్టి విడిచినట్టే కనిపిస్తుంది. కాబట్టి అమ్మ నూలు గురించి మాట్లాడితే ఇంట్లో ఎదురు మాట ఉండదు.

నేనూ చూశాను. కట్ట విప్పి, వాకిట్లో ఎండలోకి పట్టుకొని మరీ చూశాను. నిజమే, కొంచెం పసుపు కొట్టింది.

నా భార్య మాత్రం "తెల్లగనే ఉన్నది గదా" అన్నది. ఆమెది వ్యవసాయం ఇల్లు. మునుగోడు దిక్కు. మగ్గాన్ని పెండ్లయినంకనే చూసింది. "నీకు పోగు సంగతేం తెలుసు" అని నవ్వి ఊరుకున్నాను.

నూలు ఇచ్చే అతనితో గొడవైంది. పదేండ్ల పరిచయం. "నమ్మకం లేకపోతే వేరేకాడ తెచ్చుకో అన్నా" అన్నాడు. తెచ్చుకున్నాం. అదీ పసుపే! అప్పుడైనా అనుమానం రావాలి కదా. రాలేదు. "అందరు అందరే" అని అమ్మ తేల్చేసింది, నేను తలూపాను.

పోయిన నెల నల్గొండలో అమ్మ కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. పట్టీ తీసిన రెండో రోజు గూట్లో మిగిలిన పాత నూలు కట్ట కనబడింది. తీసి చూసింది. కుడి కన్ను మూసింది, తెరిచింది. ఎడమ కన్ను మూసింది, తెరిచింది. పక్కన కూర్చున్న నన్ను అడిగింది.

"ఇది ఎవరిచ్చిన నూలురా?"

"అతనిదే."

"గింత తెల్లగున్నది గదరా!"

కంట్లో కటకం వయసుతో పాటు పసుపెక్కుతుందట, వెలుగులో నీలాన్ని సరిగా లోపలికి రానివ్వదట. ఏండ్ల తరబడి మెల్లగా జరిగే పని కాబట్టి మనిషికి తేడా తెలియదు. దాన్ని తీసి కొత్త కటకం పెట్టగానే నీలం ఒక్కసారి తిరిగొస్తుంది. క్లాడ్ మోనే అనే ఫ్రెంచి చిత్రకారుడికి కూడా 1923లో కుడి కంటికే శుక్లం తీశారు. తర్వాత రంగులు సరిగా కనబడటం లేదని ఆయన చాలా గునిశాడట. మా అమ్మ గునగలేదు. "పాపం వాడు" అన్నది, అంతే.

క్షమాపణ చెప్పే పని నామీద పడింది. అతను చాయ్ తెప్పించాడు, అంతా విన్నాడు. "పెద్దమ్మకైతే శుక్లం. నీకేమైందే అన్నా?" అని అడిగాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. నాకు ముప్పై ఎనిమిదేండ్లు. కండ్లు బాగున్నాయి, అద్దాలు కూడా లేవు. అయినా పసుపు చూశాను. చూసినట్టు నటించలేదు, ఎండలో నిలబడి నిజంగానే చూశాను. అమ్మ కంట్లో పసుపు అమ్మ నోటి మీదుగా నా కంట్లోకి వచ్చింది. నా భార్యకు పోగు సంగతి తెలియదు కాబట్టి ఆమెకు నూలు నూలులాగే కనిపించింది. ఈ మాట ఆమెతో ఇంకా అనలేదు. ఆమె కూడా ఏమీ అనడం లేదు, కానీ కట్ట విప్పినప్పుడల్లా నా దిక్కు ఒక చూపు చూస్తున్నది.

ఎడమ కంటికి వచ్చే నెల రమ్మన్నారు. నిన్న మాపటికి అమ్మ వాకిట్లో కూర్చొని మళ్లీ అదే ఆట ఆడుతోంది, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి. అంతలో నూలు బండి మా వాకిలి ముందర ఆగింది. అతనే దిగాడు. అమ్మ కుడి కంటిని అరచేత్తో మూసుకొని అతని వైపు చూసి, మెల్లగా నాతో అన్నది.

"ఈ కంటికైతే వాడు ఇంకా దొంగనేరా."