ఎత్తు 5 అడుగుల 5: హైదరాబాద్‌లో నా మోడలింగ్ మొదలైన తీరు

తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన శోభిత ధూళిపాళ 2013లో ఫెమినా మిస్ ఇండియా ఎర్త్ అయింది. ఫెమినా మిస్ ఇండియా వరల్డ్ 2020 కిరీటం హైదరాబాద్ అమ్మాయి మానస వారణాసిది. మా ఖమ్మంలో మోడలింగ్ అంటే అంతవరకే తెలుసు. అందుకే నేను హైదరాబాద్ బయల్దేరుతుంటే మా పిన్ని "కిరీటం పెట్టుకునే రావాలి" అంది.

నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. ర్యాంప్ షోలకు అమ్మాయిలను మామూలుగా 5 అడుగుల 8కి అటూ ఇటూ అడుగుతారు కాబట్టి ఆ దారి నాకు ముందే మూసుకుపోయింది. అయితే ఈ ఊళ్లో మోడల్స్‌కి ఎక్కువ పని చీరల షాపులు, నగల దుకాణాలు, ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మేవాళ్ల దగ్గరే ఉంటుంది. వాళ్లు చూసేది ముఖం కళగా ఉందా, చీర ఒంటిమీద నిలుస్తుందా అనేదే.

మొదట ఒక ఏజెన్సీకి వెళ్లాం, అన్నయ్యా నేనూ. ఏసీ గది, గోడ నిండా హీరోయిన్ల ఫొటోలు. రిజిస్ట్రేషన్, పోర్ట్‌ఫోలియో (మోడల్ తన పని కోసం చూపించే ఫొటోల ఆల్బమ్) కలిపి 60 వేలు, ఈరోజే కడితే 45 అన్నారు. "మీ ఫేస్‌కి సీరియల్స్ కూడా వస్తాయి మేడమ్" అని కొసరు. అన్నయ్య "మీరు పని ఇప్పించాక మీ కమీషన్ తీసుకోండి" అన్నాడు. అప్పటిదాకా కాఫీ తెప్పిస్తానన్న మనిషి ఆ తర్వాత కాఫీ ఊసెత్తలేదు. పని ఇప్పించే ఏజెన్సీ ఎక్కడైనా వచ్చిన డబ్బులోంచి తన వాటా తీసుకుంటుంది, ముందే మన జేబులో చెయ్యి పెట్టదు. తెలిసిన మేకప్ అక్క ఒకామె కూడా ఇదే చెప్పింది.

ఖరీదైన పోర్ట్‌ఫోలియో లేకపోయినా మొదలుపెట్టొచ్చని చెప్పింది కూడా ఆవిడే. కావాల్సింది పోలరాయిడ్స్. పేరు చూసి కంగారుపడక్కర్లేదు, ఫోన్‌తో తీసేవే. తెల్లగోడ, కిటికీ వెలుతురు, ఒంటికి అతికినట్టుండే నల్ల టీషర్టు, జీన్స్. మేకప్ ఉండకూడదు, జుట్టు వెనక్కి కట్టాలి. ముందు నుంచి, రెండు పక్కల నుంచి, వెనక నుంచి, దగ్గరగా ముఖం. నవ్వుతూ ఒకటి, నవ్వకుండా ఒకటి. దీంతోపాటు చిన్న ఇంట్రో వీడియో: పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు చెప్పి, అటూ ఇటూ తిరిగి, చేతులు రెండువైపులా చూపించాలి. చేతులెందుకో నగల షూట్‌కి వెళ్లేదాకా నాకు అర్థం కాలేదు.

కొలతలు అమ్మ టేపుతో తీసింది. నడుము ఒక అంగుళం తగ్గించి రాయనా అంటే "జాకెట్టు పట్టకపోతే అక్కడ నువ్వే నిలబడాలి" అంది.

వాట్సాప్ గ్రూపుల్లో "ఫీమేల్, 20–28, శారీ షూట్, హాఫ్ డే" అని మెసేజ్‌లు వస్తుంటాయి. పంపుతూ పోవడమే. బ్లూ టిక్ పడుతుంది, జవాబు రాదు. చాన్నాళ్లు ఇదే తంతు.

చివరికి వచ్చింది చీరల క్యాటలాగ్. అందంగా ఉంటే చాలనుకునేవాళ్లని ఒక్కరోజు ఆ సెట్‌లో కూర్చోబెట్టాలి. అన్ని చీరలకీ కలిపి రెండు మూడు జాకెట్లే, వదులైన చోటల్లా వీపు మీద క్లిప్పులు. ముందునుంచి రాణిలా ఉంటాం, వెనక బట్టలు ఆరేసిన దండెంలా ఉంటాం. ఒకావిడ కూర్చుని కుచ్చిళ్లు సర్దుతుంటే ఇంకొకావిడ పైట అంచు పరిచి పిన్ను పెడుతుంది. నేను మెడ తిప్పితే చాలు, అంచు మడత పడుతుంది. ముఖం బాగొచ్చిన ఫొటో పక్కనపెట్టి అంచు బాగొచ్చిన ఫొటో తీసుకున్నారు. అమ్మేది చీర కదా!

నగల షూట్‌లో షాపు మనిషి ట్రే పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ప్రతి నగా తూకం చూసి, రాసుకుని ఇస్తాడు, తీశాక మళ్లీ తూకం. ఉంగరాలకి చెయ్యి గడ్డం దగ్గర పెట్టి, వేళ్లు బిగుసుకోకుండా, శ్వాస మెల్లగా వదలమన్నారు. గోరింటాకు ఉన్న ఇంకో అమ్మాయిని ఆరోజు వెనక్కి పంపేశారు.

డబ్బు మాట్లాడేటప్పుడు రేటొక్కటే అడిగితే సరిపోదు. ఫొటో ఎక్కడ వాడతారు, ఎన్నాళ్లు వాడతారు? ఇన్‌స్టాగ్రామ్‌కి, వెబ్‌సైట్‌కి అని తీసిన నా ఫొటో ఒకటి హోర్డింగ్ మీద కనిపించింది. ఇంట్లోవాళ్లు సంబరపడి సెల్ఫీలు దిగారు. నేను మాత్రం ఎక్కడ వాడతారో రాసిన పాత వాట్సాప్ మెసేజ్ వెతికి, ఆ షూట్‌కి నన్ను పిలిచిన కోఆర్డినేటర్‌కి పంపాను. హోర్డింగ్‌కి రేటు వేరు. రాతలో ఉంది కాబట్టి కొంత బేరమాడి, మిగతాది ఇచ్చారు, 10 శాతం టీడీఎస్ (డబ్బిచ్చేవాళ్లే ముందుగా పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) కోసుకుని. అది ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేసినప్పుడు మన పన్ను లెక్కలో చూసుకోవచ్చు, అందుకే పాన్ నంబరు, ఇన్‌వాయిస్ మొదటి షూట్ నుంచే సరిగ్గా ఉండాలి.

పేమెంట్ షూట్ అయిన వెంటనే చేతికొస్తుందనుకోవద్దు, నెలా రెండు నెలలు మామూలే. పోయినసారి చేసిన పట్టుచీరల షూట్‌ది ఇంకా రావాలి. శుక్రవారం వేస్తామన్నారు. ఏ శుక్రవారమో చెప్పలేదు.