నోటీసు వచ్చింది, కేసు కాదు

మాది మేనరికం. మా ఊరు నరసన్నపేట దగ్గర, మావయ్య వాళ్లది టెక్కలి. గొడవపడి నా భార్య పుట్టింటికి వెళ్లిపోతే పెద్దలు రెండుసార్లు కూర్చున్నారు. పెద్దలంటే ఎవరు? మా అమ్మ, ఆవిడ సొంత తమ్ముడు. పాత పొలం తగాదాలు పైకి లేచాయి, మా సంగతి అడుగున పడిపోయింది.

ఓ రోజు శ్రీకాకుళం జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి నోటీసు వచ్చింది. కేసు పెట్టేసిందనుకుని రాత్రంతా టెన్షన్. తెలిసిన లాయరు చూసి, "కేసు కాదు బాబూ, కూర్చోబెట్టి మాట్లాడిస్తారు" అన్నాడు. తను తెల్లకాగితం మీద అర్జీ రాసిచ్చిందట, పైసా ఫీజు లేదు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మధ్యవర్తి ఒక లాయరమ్మ. అమ్మనీ మావయ్యనీ బయట బెంచీ మీద కూర్చోమంది. సగం పని అక్కడే అయిపోయింది. ముందు నా భార్యతో ఒంటరిగా మాట్లాడింది. మొదటి ప్రశ్న, చెయ్యి చేసుకుంటాడా అనట. అలాంటిది ఉంటే దారి వేరు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యాలి. తర్వాత నా వంతు. ఇక్కడ మాట్లాడినవి కోర్టులో సాక్ష్యంగా వాడరని చెప్పాకే నా నోరు పెగిలింది.

ఇద్దరం కలిసి కూర్చున్నాక ఒక షరతు పెట్టింది. ఒకరు చెప్పింది రెండోవాళ్లు తిరిగి చెప్పాలి. "ఔను, అదే" అనిపించుకున్నాకే జవాబు.

"విశాఖ నుంచి నెలకోసారి వస్తావు బావా, జీతం అత్త చేతిలో పెడతావు. సబ్బు కొనుక్కోవాలన్నా నేను అత్తనే అడగాలి" అంది.

"అమ్మకి డబ్బులివ్వడం నీకిష్టం లేదు" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. ఇంకోలా చెప్పాను. అదీ కాదంది. మూడోసారికి గానీ సబ్బు అనే మాట నా నోట రాలేదు. ఆ మాట ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో!

మూడు వాయిదాలు తిరిగాం. ఒక వాయిదా ఊరికే పోయింది, ఆ రోజు కూలీ కూడా పోయింది. చివరికి నెలనెలా 4 వేలు తన ఖాతాలో వేస్తానని కాగితం మీద రాసుకున్నాం. కావాలంటే లోక్ అదాలత్‌లో అవార్డుగా, అంటే తీర్పుగా చేయించుకోవచ్చు, కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు అంది లాయరమ్మ. నా భార్య నావైపు చూసి, ఇప్పుడొద్దులెండి అంది.

బయటికొస్తే అమ్మా మావయ్యా ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని ఉన్నారు. బెంచీ మధ్యంతా ఖాళీ.