మాట కారులో, పాట జేబులో

సెకండ్ హ్యాండ్ కారు కొన్న కొత్తలో అమ్మను ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరాను. చౌటుప్పల్‌లో టీకి ఆగినప్పుడు "ఘంటసాల పాటలేమైనా పెట్టరా" అంది. పెట్టాను. పాట నా చొక్కా జేబులోంచి వచ్చింది. అంతలో తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి గొంతు మాత్రం కారు స్పీకర్లన్నిట్లోంచీ ఖంగుమని మోగింది. బ్లూటూత్ కలిసిందనుకోవాలా, లేదనుకోవాలా?

తిరిగొచ్చాక యాక్సెసరీస్ షాపులో చూపిస్తే "స్టీరియో పోయింది సార్, కొత్తది వేసేద్దాం" అన్నాడు. ఎఫ్‌ఎం పెట్టి చూశాను. స్పీకర్లు శుభ్రంగా మోగుతున్నాయి. దండం పెట్టి వచ్చేశాను.

ఆ రాత్రి సెల్లార్‌లో కారులో కూర్చుని నేనే మొదలుపెట్టాను. చదివితే తెలిసిందేమిటంటే, బ్లూటూత్‌లో కాల్స్‌ది ఒక దారి, పాటలది ఇంకో దారి. మొదటిదాన్ని హెచ్‌ఎఫ్‌పీ అంటారు, రెండోదాన్ని ఏ2డీపీ. ఒకటి బాగానే ఉండి రెండోది మూసుకుపోవచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో కారు పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కితే 'మీడియా ఆడియో' ఆఫ్‌లో ఉంది. ఆన్ చేశాను. రెండు క్షణాల్లో దానంతటదే ఆఫ్ అయింది.

సరే, ఫోన్‌లో కారు పేరు తీసేసి మళ్లీ జత చేయబోయాను. అస్సలు ఒప్పుకోదే! అరగంట అక్కడే పోయింది. జత కట్టినప్పుడు ఫోనూ కారూ చెరో తాళంచెవి దాచుకుంటాయట. నేను ఫోన్ వైపుదే పారేశాను, కారు పాతదాన్నే పట్టుకుని కూర్చుంది. స్టీరియోలో జాబితా తెరిస్తే ఐదు ఫోన్లున్నాయి, నాలుగు పాత ఓనరు ఇంటివాళ్లవి. అందులో ఒకటి 'మమ్మీ కొత్త ఫోన్'. కాస్త పాపమనిపించినా అన్నీ తీసేశాను. కారు ఆపేసి, స్క్రీన్ పూర్తిగా ఆరిపోయేదాకా ఆగి, మొదటి నుంచి జత చేశాను.

పాట వచ్చింది. కానీ పక్కింట్లో మోగుతున్నంత సన్నగా. ఫోన్‌లో 'బిల్డ్ నంబర్' మీద ఏడుసార్లు కొడితే డెవలపర్ ఆప్షన్స్ అని, మామూలుగా కనిపించని సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. అందులో 'డిసేబుల్ అబ్సల్యూట్ వాల్యూమ్' ఆన్ చేసి, బ్లూటూత్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశాను. దాంతో ఫోన్ వాల్యూమ్, కారు వాల్యూమ్ వేరుపడ్డాయి. ఇప్పుడు ఫోన్ ఫుల్లుగా ఉంచి, కారు నాబ్‌తోనే తిప్పుకుంటున్నాను.

మ్యాప్ గొంతు మాత్రం ఇంకా మొదటి ముక్క మింగుతూనే ఉంది: "...మీటర్లలో కుడివైపు తిరగండి" అంటుంది. ఎన్ని మీటర్లో దానికే తెలియాలి. ఏమీ మోగనప్పుడు పాటల దారి నిద్రపోతుంది, లేచేలోపు ఆ ముక్క పోతుంది. సన్నగా ఏదో ఒక పాట నడుస్తుంటే మింగడం లేదు. అందుకని దారి పొడుగునా ఘంటసాల పెట్టి ఉంచుతున్నాను. అమ్మకేమీ అభ్యంతరం లేదు.