ఈగ పిండంలో రెండో చార

పండ్ల ఈగ పెట్టే గుడ్డు పొడవు సుమారు అర మిల్లీమీటరు. తగిన వెచ్చదనం ఉంటే ఒక్క రోజులో అందులోంచి లార్వా బయటికి వస్తుంది. ఈ కొద్ది వ్యవధిలో ఏది తల, ఏది తోక, ఏ ఖండం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలి అన్నదంతా తేలిపోవాలి. తలకు ఏ జన్యువు, రెక్కకు ఏ జన్యువు అని అడగడం మనకు అలవాటు. ఈగ పిండం గురించి చదివేకొద్దీ, ఆ జన్యువు ఎక్కడ, ఎప్పుడు పనిలోకి దిగుతుందని అడిగితేనే అసలు విషయం తెలుస్తుందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఈగ పిండం తొలి దశ విచిత్రంగా ఉంటుంది. ఫలదీకరణ తర్వాత కేంద్రకాలు వరసగా 13 సార్లు విభజన చెందుతాయి గానీ వాటి మధ్య కణపొరలు ఏర్పడవు. కొన్ని వేల కేంద్రకాలు ఒకే కణద్రవ్యాన్ని పంచుకుంటూ ఉంటాయి కాబట్టి, ఒకచోట తయారైన ప్రోటీన్ నీటిలో పడిన సిరాచుక్కలా పక్కకు వ్యాపించగలదు. దీన్ని వాడుకునే జన్యువుల్లో మొదట చెప్పవలసినది బైకాయిడ్. తల్లి ఈగ తన అండాశయంలోనే ఈ జన్యువు ఆర్ఎన్ఏను గుడ్డు ముందు కొసలో చేర్చి పెడుతుంది. దాని నుంచి పుట్టే ప్రోటీన్ ముందు వైపు చిక్కగా, వెనక్కి పోయేకొద్దీ పలచగా ఉంటుంది. తల్లిలో బైకాయిడ్ పనిచేయకపోతే, తండ్రి నుంచి మంచి ప్రతి అందినా ప్రయోజనం లేదు. పిండానికి తల, ఉరోభాగం ఏర్పడవు, ముందు కొసన కూడా తోక భాగాలే వస్తాయి. బిడ్డ సొంత జన్యువులు పూర్తిగా మేల్కొనక ముందే దాని ముందూ వెనుకలను తల్లి నిర్ణయిస్తుందన్న మాట.

ఈ చిక్కదనం తేడాల నుంచి పదునైన హద్దులు ఎలా వస్తాయన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఈవెన్-స్కిప్డ్ అనే జన్యువు పిండం చుట్టూ ఏడు చారలుగా పనిచేస్తుంది. ఏడు చారలూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి వాటి వెనుక ఒకే సూత్రం ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. నిజానికి ఈ జన్యువుకు ఇరువైపులా అయిదు వేర్వేరు నియంత్రణ భాగాలున్నాయి, అంటే జన్యువు ఎక్కడ పనిచేయాలో చెప్పే డీఎన్ఏ ముక్కలు. కొన్ని ఒక్కొక్క చారను, కొన్ని రెండేసి చారలను చూసుకుంటాయి. రెండో చారనే తీసుకుందాం. దానికి కావలసిన డీఎన్ఏ ముక్క అయిదు వందల అక్షరాల లోపే. బైకాయిడ్, హంచ్‌బ్యాక్ ప్రోటీన్లు ఆ ముక్కకు అంటుకుని జన్యువును పనికి పురికొల్పుతాయి. ఈ రెండూ పిండం ముందు సగమంతటా ఉంటాయి కనుక, వాటికే వదిలేస్తే వెడల్పాటి పట్టీ రావాలి. కానీ ముందు వైపున జయంట్, వెనక వైపున క్రుపెల్ అనే ప్రోటీన్లు అదే ముక్క మీద కూర్చుని జన్యువును అణిచేస్తాయి. ఆ రెండింటికీ మధ్య మిగిలిన సన్నని సందులోనే చార ఏర్పడుతుంది. జయంట్ అంటుకునే చోట్లను పరిశోధకులు చెరిపివేసినప్పుడు చార ముందు వైపుకు పాకింది. ప్రతి కేంద్రకమూ తన దగ్గరికి చేరిన నాలుగు ప్రోటీన్ల మోతాదులను బట్టి తానెక్కడ ఉన్నదీ తేల్చుకుంటోందని దీనివల్ల అర్థమవుతుంది.

ఖండాల ఏర్పాటును చెడగొట్టే ఉత్పరివర్తనాలను, అంటే జన్యువుల్లో వచ్చే మార్పులను, క్రిస్టియానె న్యూస్‌లైన్-ఫోల్‌హార్ట్, ఎరిక్ వీషాస్ హైడెల్‌బర్గ్‌లో ఓపికగా వెతికి 1980లో ప్రకటించారు. ఎడ్వర్డ్ లూయిస్‌తో కలిపి వారికి 1995లో నోబెల్ బహుమతి లభించింది.

కణపొరలు ఏర్పడ్డాక కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటూ ఈ పనిని కొనసాగిస్తాయి. రెక్కగా మారవలసిన కణాలు లార్వా శరీరంలో చిన్న సంచిలాంటి డిస్క్‌గా చేరి, కొద్ది పదుల సంఖ్య నుంచి కొన్ని రోజుల్లోనే వేలల్లోకి పెరుగుతాయి. ఆ పెరుగుదలను తగిన చోట ఆపే వాటిలో హిప్పో జన్యువు ఒకటి. అది దెబ్బతిన్న కణజాలం హద్దు మీరి ఉబ్బుతుంది. అవయవం ఏదో తేల్చడం మరో సంగతి. ఈగకు రెండు రెక్కలే ఉంటాయి. వాటి వెనుక ఖండంలో, ఎగిరేటప్పుడు తూకం నిలిపే చిన్న గదల వంటి అవయవాలుంటాయి. అక్కడ రెక్క రాకుండా చూసేది అల్ట్రాబైథొరాక్స్ జన్యువు. లూయిస్ కొన్ని ఉత్పరివర్తనాలను కలిపి నాలుగు రెక్కల ఈగను సృష్టించారు. వాటిలో దెబ్బతిన్నది ప్రోటీన్‌ను నిర్దేశించే భాగం కాదని, జన్యువు ఏ ఖండంలో పనిచేయాలో చెప్పే నియంత్రణ భాగాలని తర్వాత తేలింది. రెండో చార విషయంలో చూసిన తర్కమే ఇక్కడా కనిపిస్తుంది.

1995లో వాల్టర్ గెరింగ్ బృందం కన్ను ఏర్పడటానికి అవసరమైన ఐలెస్ అనే జన్యువును కాళ్లు, రెక్కలు, మీసకొమ్ముల డిస్క్‌లలో బలవంతంగా పనిచేయించినప్పుడు ఆయా చోట్ల కళ్లు మొలిచాయి. ఎలుకలో దానికి సమానమైన జన్యువును వాడినా అదే జరిగింది, అయితే వచ్చినవి ఈగ కళ్లే. ఎలుక జన్యువు మొదటి ఆదేశాన్ని మాత్రమే ఇచ్చింది. ఆ తర్వాత కంటిని కట్టిన జన్యువులన్నీ ఈగవి. కళ్లు కూడా డిస్క్ అంతటా రాలేదు, ఇతర సంకేతాలు అనుకూలించిన చోట్లలోనే వచ్చాయి. అందుకే ఐలెస్‌ను కంటికి ఏకైక యజమానిగా వర్ణించే వ్యాసాలను నేను ఒప్పుకోలేను. దాని ఆదేశం నెరవేరాలన్నా కణజాలం ముందే సిద్ధపడి ఉండాలి.