రోమ్‌లో మొదటి రోజు... కాళ్ళు నావి కావు

"అన్నీ దగ్గరే, నడిచేద్దాం" అన్నారు మా ఆయన పొద్దున్నే మ్యాప్ చూసి, ఆ మాట నమ్మి బయల్దేరినందుకు రాత్రికి ఫోన్‌లో 26 వేల అడుగులు!! కొలోసియం చూశాం, పెద్దదే, కానీ ఆ ఎండలో ఆ జనంలో నాకు గుర్తున్నది క్యూ ఒక్కటే.

నన్ను పడేసింది మాత్రం పాంథియన్, ఒకప్పటి రోమన్ల గుడి. గోపురం నడినెత్తిన దాదాపు 9 మీటర్ల గుండ్రటి కన్నం, మూత లేదు, గీత లేదు, వాన పడితే సరాసరి లోపలికే, ఆ నీళ్ళు పోడానికి కింద పాలరాయిలో చిన్న చిన్న బెజ్జాలు. సుమారు 1900 ఏళ్ళ కిందటి కాంక్రీటు, ఒక్క ఇనుప ఊచ లేదంట. మా ఇంటి స్లాబు పదేళ్ళకే కారుతోంది మరి, మేస్త్రీని తీసుకొచ్చి చూపించాలి అనిపించింది :)

స్పానిష్ స్టెప్స్ 135 మెట్లు, ఎక్కి ఉస్సూరని కూలబడబోతే పోలీసాయన విజిల్ వేశాడు, కూర్చుంటే ఫైన్ అంట! మెట్లున్నదే కూర్చోడానికి కదండీ?

దాహానికి మాత్రం ఢోకా లేదు, వీధి వీధికీ కుళాయిలు, నాసోనీ అంటారు, పెద్ద ముక్కు అని అర్థం, రోజంతా చల్లటి నీళ్ళు ఫ్రీ. మూతి వేలితో మూస్తే పైనున్న కన్నంలోంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి. ఈయనకి చెప్పకుండా మూశా.

ఇప్పుడు హోటల్లో చొక్కా ఆరేసుకుంటూ నాతో మాట్లాడట్లేదు. రేపు వాటికన్ అంట, బస్సులో అయితేనే వస్తా అని చెప్పేశా.